ఒళ్ళు దాచుకోని పైడమ్మ

అనగనగా, కొండ పక్కన ఒదిగి కూర్చున్న ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. పిల్లంటే నీ అంత కాదులే, పద్దెనిమిదేళ్ళది. కాళ్ళు మాత్రం ఒక్కచోట నిలిచేవి కావు. ఆ జబ్బు నీకూ ఉంది.

పైడమ్మ నాన్న గౌరయ్య తపాలా మోసేవాడు. అప్పుడు బస్సుల్లేవు, రోడ్లూ లేవు. ఉత్తరాల సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం చేత పట్టుకుని కొండమీది ఊళ్ళకి పరుగెత్తేవాడు. ముప్పై ఏళ్ళు ఒక్క రోజు మానలేదు. మా ఇంట్లో ఒళ్ళు దాచుకున్నవాళ్ళు లేరని గొప్పగా చెప్పుకునేవాడు. ఒళ్ళు దాచుకోవడమంటే తెలుసుగా, పని తప్పించుకోవడం. పుస్తకం తియ్యమంటే నీకు కడుపునొప్పి వస్తుందే, అదీ.

ఒకనాడు గౌరయ్య కొండ దిగుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు తపాలా చావడి పెద్ద చాటింపు వేయించాడు. మూడు నెలల తర్వాత పందెం. వరసగా మూడు రోజులు సంచి మోసుకుని కొండెక్కి దిగినవాళ్ళకే ఆ పనీ, బల్లెమూ. ఆ బల్లెం పైడమ్మ తాతది, ఆ తర్వాత నాన్నది. అది ఇంకొకరి ఇంటికి పోతుందంటే పైడమ్మకి ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, నేనే పరుగెత్తుతానంది.

మర్నాడే మొదలుపెట్టింది. పరగడుపున, రోజుకి మూడుసార్లు కొండెక్కి దిగింది. వారం తిరక్కుండా ముక్కు కారి, ఒళ్ళునొప్పులతో పడింది. ఊరందరి కళ్ళూ పిల్లమీదే ఉన్నాయని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

లేచింది. ఈసారి ఇసక మూట మోసుకుంటూ ఎక్కింది. రెండు రోజులకి జ్వరం. గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది.

మళ్ళీ లేచింది. పోయిన రోజులన్నీ ఒక్కసారే రాబట్టాలని, వానలో తడుస్తూ పొద్దుగూకేదాకా పరుగెత్తింది. తడిబట్టలతోనే కూలబడి, గంజి కూడా ముట్టలేదు. అప్పుడు పట్టుకుంది చూడు. గొంతు పూడుకుపోయింది, దగ్గు రొమ్ములోకి దిగింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. ఎవరో చేతబడి చేశారంది అమ్మ. లెక్క చూసుకుంటే పందేనికి నెలా పదిరోజులే ఉంది.

అప్పుడు మేనత్త కన్నమ్మ చూడ్డానికొచ్చింది. తన జొన్నచేలో మంచె మీద కూర్చుని, వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టల్ని తోలే మనిషి. మాట మోటు. జబ్బుపడ్డ ప్రతిసారీ అంతకుముందు ఏం చేశావో చెప్పమంది. పైడమ్మ దగ్గుకుంటూ అంతా చెప్పింది.

"దిష్టీ కాదు, గాలీ కాదు" అంది అత్త. "ఒళ్ళు దాచుకోడం ఏరు, ఒళ్ళు కాచుకోడం ఏరే కోడలా."

పైడమ్మకి కోపమొచ్చింది. ఇంట్లో కూర్చుని ఒళ్ళు కాచుకుంటే బల్లెం నడుచుకుంటూ వస్తుందా అని అడిగింది.

అప్పుడు అత్త తన సంగతే చెప్పింది. ఒక ఏడాది కోతలకి మనుషులు దొరక్క, మంచె మీద కాపలా ఉండే ముగ్గుర్నీ కిందికి దింపి రోజల్లా మోపులు మోయించిందిట. ముగ్గురూ ఒళ్ళు తెలీకుండా పడ్డారు. మర్నాడు వాళ్ళు కళ్ళు తెరిచేసరికి ఎండెక్కింది. కొయ్యని సగం చేనూ చిలకలు ఊడ్చేశాయి.

ఒంట్లో కూడా కాపలావాళ్ళుంటారంది అత్త. జలుబునీ జ్వరాన్నీ తోలేవాళ్ళు. రోజూ కాస్త పరుగెత్తితే వాళ్ళకీ చురుకు పుడుతుంది, చేనంతా తిరిగి చూసుకుంటారు. ఓపికంతా పిండేసి, ఆ పైన తిండీ నిద్రా లేకుండా చేస్తే వాళ్ళూ సోలిపోతారు. జ్వరం దూరేది అప్పుడే. పరుగు మానక్కర్లేదు, పరుగుకీ పరుగుకీ మధ్య వాళ్ళని మంచె ఎక్కనివ్వాలి.

పైడమ్మ రెండు రోజులు ఆలోచించింది. దగ్గు తగ్గాక ముందు నడిచింది, ఆ తర్వాత సగం కొండ ఎక్కింది, ఆ తర్వాత మొత్తం. ఒక రోజు గట్టిగా పరుగెత్తితే మర్నాడు తీరిగ్గా నడిచేది. కొండ దిగగానే పొడిబట్ట కట్టుకుని చోడి అంబలి, అదే రాగిజావ, తాగేది. పెందలాడే పడుకునేది. ఇవన్నీ సులువే. కష్టం ఎక్కడంటే, అరుగు మీద ఊరికే కూర్చోవలసిన రోజు. పందేనికి దిగబోయే పక్కవీధి సోములు ఇంటి ముందునుంచే దుమ్ము రేపుకుంటూ పరుగెత్తేవాడు. గౌరయ్య కూతురు ఒళ్ళు దాచుకుంటోందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డప్పుడు పైడమ్మ పళ్ళు బిగబట్టుకుని, రెండు చేతులతో అరుగు పట్టుకుని కూర్చునేది. కొండెక్కడానికి కూడా అంత పట్టుదల అక్కర్లేకపోయింది.

పందేనికి నలుగురు వచ్చారు. మొదటి రోజు సోములు అందరికంటే ముందు దిగాడు, పైడమ్మ ఆఖరు. రెండో రోజు ఒకడు మోకాలు పట్టుకుని ఆగిపోయాడు. పైడమ్మ ఇంకా ఆఖరే. మూడో రోజు ఇంకొకడు పక్కమీంచి లేవలేదు. సోములు లేచాడు గానీ ఒళ్ళు పెనంలా కాలుతోంది. నలభై రోజులు ఒక్కపూట ఆగని మనిషి మరి. సగం కొండెక్కి రాయి మీద కూలబడ్డాడు. పైడమ్మ ఆగి, నీళ్ళు తాగించి, ఎదురొచ్చిన కట్టెలావిడకి అతన్ని అప్పజెప్పింది. ఆ తర్వాత పైకెక్కి, కిందికి దిగి, సంచి చావడిలో దించింది.

చావడి పెద్ద బల్లెం తీశాడు. రేపటినుంచి రోజూ సంచి మొయ్యాలి, మీ నాన్నలాగే ఒక్క రోజు నాగా ఉండకూడదన్నాడు. పైడమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆరు రోజులు పరిగెడతాను బాబూ. ఏడో రోజు పరిగెట్టను."

జనం గొల్లున నవ్వారు. చావడి పెద్ద బల్లేన్ని మళ్ళీ గోడకి ఆనించి, అలా అయితే వేరేవాళ్ళని చూసుకుంటానన్నాడు. పైడమ్మ ఆ బల్లెం వైపు ఒకసారి చూసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు గౌరయ్య కర్ర ఊతంతో లేచాడు.

"ముప్పయ్యేళ్ళూ ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు బాబూ. ఎన్ని జొరాలు దాచుకుని కొండెక్కినానో నాకే తెలుసు. నా కూతురు అడిగింది. ఇచ్చీండి."

చావడి పెద్ద గౌరయ్య విరిగిన కాలు వైపు చూశాడు. ఆ తర్వాత, ఏడో రోజు సంచి సోములు మొయ్యాలి, వాడి జ్వరం తగ్గనివ్వండి అని, బల్లెం తెచ్చి పైడమ్మ చేతిలో పెట్టాడు.

కథ కంచికి, సంచి కొండకి, మనం మంచానికి.