దీవెనమ్మ గడప

అనగనగా, గుడికి గోడలు మట్టివీ మనుషులకి గుండెలు రాతివీ అయిన కాలంలో, ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఎన్నేళ్ళ కిందటి మాటో అడక్కండి. ఏటికే గుర్తులేదు.

ఆ పల్లెలో తాటాకు కప్పిన ప్రార్థన గుడి. ఆ గుడికో ఆచారం. ఆదివారం ఉపదేశిగారు బైబిల్లోంచి ఒక వాక్యం చెబుతారు. వారమంతా దాన్ని కంఠతా పట్టాలి. మళ్ళీ ఆదివారం గుమ్మంలో నిలబడి అప్పజెప్పాలి. పొల్లు పోకుండా చెప్పినవాళ్ళకి లోపల చాప. తడబడినవాళ్ళకి గుమ్మం పక్కన కటిక నేల. వాక్యమంటే అంతే అనుకునేవాళ్ళు. నోట్లో వేసుకోవడం, ఆదివారం తీసి చూపించడం, మళ్ళీ బుగ్గన పెట్టుకోవడం. వక్కముక్కలాగా.

ఆ గుడి నేల అలికేది దీవెనమ్మ. శనివారం శనివారం పేడా ఎర్రమట్టీ కలిపి, ముందున్న బల్ల దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ గడప దాకా అలికేది. ఊరందరి చాపల కిందా నేల అలికిన మనిషి, తను మాత్రం ఏనాడూ చాప ఎక్కలేదు. వాక్యం నిలిచేది కాదు. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఉన్న ఒక్క మేకా దొంగల పాలైంది. మిగిలినవి రెండు చీరలు.

గుడిలో అందరికంటే ముందు చాప సంఘపెద్ద గమలీయేలుది. ఆయన వాక్యం చెబితే ఒత్తు జారేది కాదు, దీర్ఘం తగ్గేది కాదు. ఆడవాళ్ళలో ముందు చాప ఆయన పెళ్ళాం సలోమమ్మది. ఆవిడకీ వాక్యం మంచినీళ్ళప్రాయం.

ఈ సలోమమ్మకి ఒక్కతే చెల్లెలు, రూతమ్మ. ఆమెని గమలీయేలు తమ్ముడు హనోకుకే ఇచ్చారు. పక్కపక్క ఇళ్ళు. ఒక ఇంట్లో పులుసు కాగితే రెండో ఇంటికి గిన్నె వెళ్ళేది. అంతలో అత్తగారు పోయింది. ఆవిడ సమాధి మీద సిలువ వేయిద్దామనుకున్నారు. సిలువ కింద కొడుకుల పేర్లు చెక్కిద్దామనుకున్నారు.

"పెద్దవాణ్ణి, నా పేరు ముందు" అన్నాడు గమలీయేలు.

"అమ్మ మంచాన పడితే ఎత్తిపోసింది నా పెళ్ళాం. నా పేరు ముందు" అన్నాడు హనోకు.

అంతే. సిలువా లేదు, పేర్లూ లేవు. తల్లి సమాధి మీద గడ్డి మొలిచింది, ఇద్దరి ఇళ్ళ మధ్య తుమ్మకంప కంచె మొలిచింది. "కంచె అవతలికి వెళ్ళావా, మళ్ళీ నా గడప తొక్కకు" అని మొగుడు సలోమమ్మకి చెప్పేశాడు. ఏడేళ్ళు వెళ్ళలేదావిడ.

ఏడో ఏట రూతమ్మకి దగ్గు పట్టుకుంది. వానల్లో మొదలైన దగ్గు, చేను పొట్టకొచ్చేసరికి రక్తం తెచ్చింది. ఇవతల వంట చేసుకుంటూ సలోమమ్మ ఆ దగ్గు వినేది. అవతల దగ్గు లేచినప్పుడల్లా ఇవతల గరిటె ఆగేది. "దేవా, అది పోయేలోగా ఒక్కసారి దాని మొహం చూడనీ" అనుకునేది. దేవుడితోనైతే చెప్పింది. మొగుడితో చెప్పడానికే నోరు లేదు.

ఇక వినండి.

కోతల పండగ ఇంక మూడు వారాలుందనగా ఉపదేశిగారొక వాక్యం చెప్పారు. పగవాడు ఆకలితో ఉంటే వాడికి అన్నం పెట్టమని. పల్లె పల్లెంతా వల్లెవేసింది. నూతి దగ్గర అదే, కళ్ళంలో అదే.

దీవెనమ్మకి ఉన్న పగవాడు ఒక్కడే, ఏసోబు. ఆవిడ మేకని దొంగిలించి కోసుకు తిన్నవాడు. ఇప్పుడు కాలు విరిగి గుడిసెలో పడున్నాడు. ఒక్కరూ తొంగిచూడలేదు. ఆ బుధవారం దీవెనమ్మ జొన్నసంకటీ గోంగూర పచ్చడీ పట్టుకుని ఆ గుడిసెలో దూరింది. దారినపోతున్న సలోమమ్మ దడి సందులోంచి చూసి కొయ్యబారిపోయింది.

"తిను, దొంగసచ్చినోడా! నా మేకని నమిలిన నోరే కదా, ముద్ద నమలడానికి సిగ్గేంటి?" అంటోంది దీవెనమ్మ. "ఏడుస్తున్నావా? పచ్చడి కారమని చెప్పు. ఎవరూ అడగరు."

ఆదివారం వచ్చింది. "వాక్యం చెప్పు, దీవెనమ్మా" అన్నారు ఉపదేశిగారు.

"నాలిక మీద నిలవలేదయ్యగారూ. చేతికొచ్చింది."

"చేతికి రావడమేంటమ్మా?"

అందరూ పకపకా నవ్వారు. దీవెనమ్మ వెళ్ళి కటిక నేల మీద కూర్చుంది. సలోమమ్మకి నవ్వు రాలేదు.

రెండోవారం ఇంకో వాక్యం. రెండు వస్త్రాలున్నవాడు, లేనివాడికి ఒకటి ఇవ్వాలని. పల్లె పల్లెంతా వల్లెవేసింది. నూతి దగ్గర అదే, కళ్ళంలో అదే.

ఏటి గట్టున ఒంటిమీద నూలుపోగు లేకుండా ఒక పిచ్చిది తిరిగేది. మగపిల్లలు రాళ్ళు వేసేవాళ్ళు. మగాళ్ళు రాళ్ళు వెయ్యరు, కళ్ళప్పగించి చూసేవాళ్ళు, అది ఇంకా చెడ్డది. దీవెనమ్మ తన రెండు చీరల్లో ఒకటి తీసుకెళ్ళి ఆమెకి కట్టింది. విసిరేసి రాలేదు. గట్టు మీద కూర్చోబెట్టి, తల దువ్వి, కుచ్చిళ్ళు పోసి మరీ కట్టింది. చూసినవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

ఆదివారం పొద్దున్నే వాన. ఉన్న ఒక్క చీరా తడిసి, నీళ్ళోడుతూ దీవెనమ్మ గుమ్మంలోకొచ్చింది.

"వాక్యం చెప్పు, దీవెనమ్మా."

"నాలిక మీద నిలవలేదయ్యగారూ. చేతికొచ్చింది."

ఈసారి కొందరే నవ్వారు. లోపలికి వెళ్తూ సలోమమ్మ, ఆ తడి తగలకుండా తన కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది. పట్టుకున్న తన చేతిని తనే చూసి అదిరిపడింది. ఇంటికెళ్ళి పెట్టె తెరిచింది. మూత పడనన్ని చీరలు. చూసింది, చూసింది, మోకాలితో నొక్కి మూసేసింది. కంచె అవతల దగ్గు లేచింది.

మూడోవారం కోతల పండగ. దానికి మూడో వాక్యం. అర్పణ పట్టుకుని బలిపీఠం దగ్గరికొచ్చాక, నీ తోబుట్టువుకి నీమీద కోపం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడి రా అని. పల్లె పల్లెంతా వల్లెవేసింది. గమలీయేలైతే పెరట్లో తిరుగుతూ వల్లెవేశాడు. ఎక్కడ? ఆ కంచె పక్కనే. అవతల తమ్ముడి పెళ్ళాం ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, ఇవతల ఆయన దీర్ఘాలు సరిచేసుకున్నాడు.

పండగనాడు తెల్లవారేసరికి అవతల దగ్గు వినపడలేదు. సలోమమ్మ చెవులు రిక్కించింది. దగ్గే ఓపిక కూడా పోయిందని అర్థమైంది. కాళ్ళు కంచె వైపు లాగాయి. మొగుడు "నడు, ఆలస్యమైంది" అన్నాడు. నడిచింది.

గుడి నిండా జనం. గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు. ఏడాదంతా వాక్యం తప్పనివాడే మొదటి వరిపన, అంటే మొదట కోసిన వరికట్ట, బల్ల మీద పెట్టాలి. అంటే గమలీయేలు. ఆయన పన బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ వాక్యం అప్పజెప్పాడు. ఒత్తు జారలేదు. దీర్ఘం తగ్గలేదు. "ఆహా" అన్నారు జనం.

అప్పుడు గుమ్మం పక్క నుంచి దీవెనమ్మ లేచింది.

చాపల మధ్య నుంచి నడిచొచ్చింది. ఆ గోళ్ళలో శనివారం పేడ ఇంకా ఉంది. ఆ చేతులతోనే బల్ల మీది పన ఎత్తుకుంది. వెనక్కి నడిచి గడప మీద పెట్టేసింది. పిడుగు పడితే కనీసం చప్పుడైనా ఉంటుంది. అదీ లేదు.

"పెద్దాయనా," అంది దీవెనమ్మ, "నాకు వాక్యం రాదు. నువ్వు చెప్పావు, నేను విన్నాను. అర్పణ వదిలేసి ముందు వెళ్ళమనే కదా ఉంది? నేను తప్పు విన్నానా?"

గమలీయేలు వచ్చి ఆ ముసలిదాని చెంప మీద కొట్టాడు. దేవుడి గుడిలో. పండగనాడు. బిడ్డలు చూస్తుండగా.

దీవెనమ్మ రెండో చెంప చూపించిందనుకుంటున్నారా? చూపించలేదు. ఆ వారం వాక్యం అది కాదు. ఆవిడ అక్కడే నిలబడి, ఉపదేశిగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, మీరు చెప్పండి. తప్పు విన్నానా?"

ఉపదేశిగారు పుస్తకంలోకి చూశారు. చూస్తూనే ఉండిపోయారు.

దీవెనమ్మ ఆడవాళ్ళ వైపు తిరిగింది. "సలోమమ్మా, నువ్వు చెప్పు తల్లీ. తప్పు విన్నానా?"

కాళ్ళు కట్టేసిన పుంజు ఒకటి గట్టిగా కూసింది.

సలోమమ్మ నోరు తెరిచింది. పొద్దుటిదాకా మంచినీళ్ళప్రాయమైన వాక్యంలో ఒక్క అక్షరం రాలేదు. చాప మీంచి లేచింది. "ఏయ్, కూర్చో" అన్నాడు మొగుడు. కూర్చోలేదు. గడప మీది పనని దాటింది. దాటాక పరుగెత్తింది.

వీధి చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు. ఆ సంగతి ఆవిడకి తట్టలేదు. తన పెరట్లోకి దూరి, ఉత్త చేతులతో ఆ తుమ్మకంపని పీకి పీకి పారేసింది. అరచేతుల నిండా ముళ్ళు, మోచేతుల దాకా రక్తం. అవతల వసారాలో నులకమంచం. మంచం మీద చీర కప్పిన ఎముకలు. ఆ ఎముకల్లో రెండు కళ్ళు కదిలాయి.

"ప్రార్థన అయిపోయిందా అక్కా?" అంది రూతమ్మ.

"లేదే. ఇప్పుడే మొదలైంది."

"ఏడేళ్ళు నీ పులుసు వాసన వచ్చేది. గిన్నె మాత్రం రాలేదు" అని చెల్లెలు అంటే, సలోమమ్మ ఆ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడిపోయింది.

గుడిలో ఏమైంది? మొదట ఒక కోడలు లేచింది. తన గుమ్మడికాయ గడప దగ్గర పెట్టి, అత్తగారిని వెతుక్కుంటూ వెళ్ళింది. తర్వాత ఇద్దరు బావమరుదులు లేచారు. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. పండగ గుడి ఖాళీ అయిపోయింది. చెంప వాచిన దీవెనమ్మ ఒక్కతీ గడపలో కూర్చుని, అర్పణల మీదికొస్తున్న కోళ్ళని "హుష్, హుష్" అని తోలుతూ ఉండిపోయింది.

గమలీయేలు మాత్రం లోపల ఆ ఖాళీ గుడిలో పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. తర్వాత లేచి, దీవెనమ్మ పక్కనుంచి తలొంచుకుని దాటి, తమ్ముడి వాకిట్లో నిలబడ్డాడు.

"కాళ్ళు కడుక్కుని రా అన్నయ్యా" అన్నాడు హనోకు.

రూతమ్మ తొమ్మిది రోజులు బతికింది. అక్క ఒళ్ళో పోయింది. తల్లి సమాధికి సిలువ లేచింది. కింద ఎవరి పేరూ లేదు.

అయితే గమలీయేలు దీవెనమ్మని క్షమించమని ఒక్క మాట అడగలేదు. తమ్ముడి ముందు వంగిన తల, అలికే దాని ముందు వంగేంతగా ఇంకా మెత్తబడలేదు. ఒక శనివారం బయల్దేరి సగం దారిలో తిరిగొచ్చాడు. రెండో శనివారం గుడి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మూడో శనివారం "ఏంటయ్యా, చెంప నొప్పి ఆవిడకా, నీకా?" అని సలోమమ్మ అంటే, అప్పుడు కదిలాడు. గుడి దాకా వెళ్ళాడు.

గుడి నేల తడిగా ఉంది. బల్ల దగ్గర నుంచి చక్కగా అలికి ఉంది. ఇక జానెడు ఉంది గడప. ఆ జానెడు దగ్గర దీవెనమ్మ మోకాళ్ళ మీద ఒరిగిపోయి ఉంది. పిడికిట్లో అలుకు ఇంకా ఆరలేదు. ఒళ్ళు ఆరిపోయింది.

వెనకే వచ్చిన సలోమమ్మ చూసింది. ఒత్తు జారని ఆ మనిషి నోట్లోంచి మాట కాని మాట ఏదో వచ్చింది. ఆయన పంచె ఎగగట్టాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ చల్లటి పిడికిట్లోంచి అలుకు తీసుకుని, మిగిలిన ఆ జానెడు గడప అలికాడు. మగవాడు, సంఘపెద్ద, పేడ అలకడం ఆ ఏటి ఒడ్డున అదే మొదలు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు.

సలోమమ్మ పెట్టె తెరిచి, అన్నిట్లోకీ మంచి చీర తెచ్చి దీవెనమ్మకి కట్టింది. పాడెకి ముందు ఒక కొమ్ము గమలీయేలు పట్టాడు, ఒక కొమ్ము కుంటుతూ ఏసోబు పట్టాడు. వెనక ఏటి గట్టు పిచ్చిది నడిచింది. ఒంటి మీద చీర ఉంది.

ఇప్పుడా గుడికి నున్నటి బండలు. అలకాల్సిన పనే లేదు. అయినా కోతల పండగ ముందురోజు సంఘపెద్ద ఎంతటివాడైనా పంచె ఎగగట్టి, జానెడు గడప పేడతో అలకాల్సిందే. దాన్ని దీవెనమ్మ గడప అంటారు. పండగనాడు అర్పణలన్నీ ముందు ఆ గడప దగ్గరే ఆగుతాయి. ఎవరు ఎవరి ఇంటికి వెళ్ళాలో వెళ్ళొస్తారు. అందరూ తిరిగొచ్చేదాకా ఉపదేశి పాట ఎత్తడు. ఒక్కో ఏడు మధ్యాహ్నం దాటుతుంది. పిల్లలు ఆకలికి ఏడుస్తారు. అయినా ఎత్తడు.

ఆ పల్లెలో ఎవరైనా వాక్యం గడగడా అప్పజెప్పి చుట్టూ చూశారనుకోండి, ఎవరో ఒక ముసలమ్మ అడుగుతుంది: "నాలిక మీదుంది సరే. చేతికెప్పుడొస్తుంది?"

కథ గడప దాకా వచ్చింది. దాటడం వినేవాళ్ళ పని.