ఆరిన పళ్ళెం

గోకర్ణయ్యగారు శిష్యుల ప్రశ్నలకు శ్లోకం చెప్పి జవాబివ్వరు. శ్లోకం వినగానే మనిషి తల ఊపేస్తాడనీ, ఊపినవాడు ఇక ఆలోచించడనీ ఆయన అభిప్రాయం.

ఒక ఆదివారం పాఠం ముగిశాక విశ్వపతి అనే గృహస్థు లేచి, "గురువుగారూ, నా కోపం పోయినట్టేనా?" అని అడిగాడు. "ఇదివరకు నేనో మాటంటే ఇంట్లో పది మాటలు లేచేవి. ఇప్పుడు నేనేమన్నా ఎవరూ ఎదురు చెప్పడం లేదు. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది."

గోకర్ణయ్యగారు తమ వీధిలో జరిగిన సంగతి చెప్పారు.

ఆ వీధిలో భావనారాయణ అని ఒకాయన ఉండేవాడు. ఇంట్లో ఏది పాడైనా తనే బాగుచేసుకోవడం ఆయనకు సరదా. ఒకసారి ఆయన కారులోంచి కూలెంటు కారడం మొదలైంది. ఇంజను వేడెక్కకుండా పోసే పచ్చటి నీళ్ళవి. వాకిట్లో గచ్చంతా మరకలు పడుతుంటే భార్య సువర్చల విసుక్కుంది. ఆయన బానెట్టు ఎత్తి, రబ్బరు గొట్టం చిట్లినచోట పగుళ్ళు పూడ్చే సీలింగ్ ముద్ద మెత్తి, క్లిప్పు గట్టిగా బిగించాడు. ఇంకా కారుతుందేమో తెలుస్తుందని, రాత్రి పడుకోబోయే ముందు కారు కింద ఒక పాత పళ్ళెం పెట్టాడు.

తెల్లవారి చూస్తే పళ్ళెంలో చుక్క లేదు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. భార్యనీ కూతురు లాస్యనీ పిలిచి, పళ్ళెం ఎత్తి చూపించాడు.

"మెకానిక్కు దగ్గరికి వెళ్ళమని పోరు పెట్టావే, చూడిప్పుడు!"

అదే సమయంలో వాళ్ళ కుక్క బూరె తూలుకుంటూ వచ్చి గుమ్మానికి కొట్టుకుంది. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ పడింది. "రాత్రి ఎక్కడో కల్లు తాగొచ్చినట్టుంది," అన్నాడు భావనారాయణ. ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు.

సాయంత్రానికి బూరె మామూలుగానే తిరిగింది. మర్నాడు మాత్రం అన్నం ముట్టలేదు. వాంతులు చేసుకుని మూలకు ముడుచుకుంది. దాన్ని చేతుల్లో ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టరమ్మ దాని నోరు చూసి, పొట్ట నొక్కి చూసి, రక్తం పరీక్ష చేయించి, తలెత్తి ఒకే మాట అడిగింది.

"మీ కారులోంచి ఏమైనా కారుతోందా?"

"కారేదండీ, నేనే బాగుచేశాను. పళ్ళెం పెట్టి మరీ చూశాను. పొద్దున్నకి పొడిగా..."

ఆ మాట ఆయన నోట్లోనే ఆగిపోయింది. పక్కనున్న బల్ల పట్టుకున్నాడు.

"ఆ కూలెంటు విషమే గాని తియ్యగా ఉంటుందండీ," అంది డాక్టరమ్మ మెల్లగా. "కుక్కలు ఇష్టంగా నాకేస్తాయి. తూలినప్పుడే తీసుకొచ్చి ఉంటే ఏమైనా చెయ్యగలిగేదాన్ని. ఇప్పుడు మూత్రపిండాలు పోయాయి."

లాస్య ఏడవలేదు. తండ్రి వైపు నోరు తెరిచి చూస్తూ, "మనం నవ్వాం కదా నాన్నా," అంది.

ఆ సాయంత్రమే బూరె పోయింది. ఇంటికొచ్చిన భావనారాయణ బానెట్టెత్తి చూశాడు. కూలెంటు డబ్బా సగానికి దిగిపోయి ఉంది. ముద్ద మెత్తినచోటి నుంచి పచ్చటి చుక్క ఒకటి ఊరి, సాగి, ఆయన చూస్తుండగానే కింద పడింది. బానెట్టు మూయడం మరిచిపోయి, చీకటి పడేదాకా ఆయన అక్కడే నిలబడిపోయాడట.

గోకర్ణయ్యగారు చెప్పడం ఆపారు. విశ్వపతి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంటికి వెళ్ళు నాయనా," అన్నారు గురువుగారు. "మీవాళ్ళు అన్నం తింటున్నారో లేదో చూడు."