భుజంగరాయుడి కొత్త గొడుగు

పూర్వం ఒక రాజు మైనపుగుడ్డతో కొత్తరకం గొడుగులు చేయించాడు. "వానకు ఆగుతాయో లేదో వాడి చెప్పండి, ఆగితే ఊరందరికీ చేయిద్దాం" అని, రాజముద్ర ఉన్న కొద్దిమందికే ఇచ్చాడు. వాళ్లలో భుజంగరాయుడొకడు. మిట్టమధ్యాహ్నం ఆ గొడుగు వేసుకుని వీధులన్నీ తిరిగేవాడు.

ఒకరోజు సంతలో గొర్రెలు కాసే ఈరమ్మ చేతిలోనూ అలాంటి గొడుగే కనిపించింది. అతనికి కడుపు మండిపోయింది. దీనికీ ఉంటే ఇక తన గొప్పేముంది?

"ముద్ర లేనిదానివి, నీకెలా వచ్చిందే ఇది?"

"చేసినాయన్ని బతిమాలి తెచ్చుకున్నా దొరా."

"పద రాజుగారి దగ్గరికి!"

దారిలో వాన అందుకుంది. ఈరమ్మ గొడుగు విప్పింది. భుజంగరాయుడు మాత్రం తన గొడుగు ఎక్కడ పాడవుతుందోనని ముడిచి, శాలువాలో పొదివి పట్టుకున్నాడు. తడవకుండా నడుస్తున్న ఆమెను చూసి ఇంకా రగిలిపోయాడు.

సంగతి విని రాజు గద్దించాడు.

"తప్పే ప్రభూ," అంది ఈరమ్మ. "ఇది నడినెత్తిన కుట్టు దగ్గర కారుతోంది, సరిచేయించండి. దొరవారిది కారుతుందో లేదో వారినే అడగండి."

రాజు అటు తిరిగాడు. భుజంగరాయుడు నిలువునా తడిసి ఉన్నాడు. గొడుగుకు చుక్క తడి లేదు.

రాజు ఆ గొడుగు లాగి ఈరమ్మకే ఇచ్చాడు. "ఇది కూడా వాడి చెప్పు."

వాన ఇంకా తగ్గలేదు. కొత్త గొడుగులో పోతున్న ఈరమ్మ వెనకే భుజంగరాయుడు ఇంటిదారి పట్టాడు. ఒళ్లంతా తడిసినా కడుపులో మంట మాత్రం ఆరలేదు.