ఒక్క అడ్మిషన్

దానియేలుకి ఆ ఏడాది ఒకే ఒక్క విద్యార్థిని దొరికింది. అదీ పొరపాటున.

యూనివర్సిటీ కోర్సుల జాబితాలో ఫిలాసఫీ, ఫిజిక్స్ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నెట్ సెంటర్ అతను ఒక వరస పైకి నొక్కాడు. అంతే, ఇంటర్లో లెక్కలకి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న హైమావతి పార్వతీపురం అవతల నుంచి వచ్చి తత్వశాస్త్ర విభాగంలో తేలింది.

"ఫిజిక్సే పెట్టమన్నాను సార్. ఆయనేటి నొక్కాడో ఏటో! ఇప్పుడు మార్చుకోడానికి అవదా?" అని మొదటిరోజే అడిగింది.

"అవదమ్మా," అన్నాడు దానియేలు.

అవుతుంది. పది రోజుల గడువుంది. ఆ సంగతి అతనికి తెలుసు. గడువు ముగిసేసరికి రిజిస్టరులో ఒక్క పేరైనా లేకపోతే విభాగం మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చిన సంగతీ తెలుసు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు లెక్చరరు. నలభై మూడేళ్ళ వయసు. తత్వశాస్త్రం తప్ప ఇంకో పని చేతకాదు, ఆ పనికి బయట ఎవరూ పిలవరు.

తొమ్మిది రోజులు ఆ పిల్ల ఒక్కతే బెంచీ మీద కూర్చుని, కిటికీలోంచి ఫిజిక్స్ భవనం వైపు చూసింది. తొమ్మిది రోజులూ దానియేలుకి అన్నం సయించలేదు.

పదోరోజు మధ్యాహ్నం రజాక్ మాస్టారి గదికి వెళ్ళాడు. విభాగానికి పెద్ద ఆయనే. ఒకప్పుడు దానియేలుకి చదువు చెప్పిందీ, పరిశోధన చేయించిందీ ఆయనే. దాచిందంతా ఆయన ముందు కక్కేశాడు.

"తప్పే మాస్టారూ. కానీ ఇంకో మూడు గంటలు నోరు మూసుకుంటే ఈ ఏటికి గండం గడుస్తుంది. మీరు మార్చిలో రిటైరైపోతారు. నేనెక్కడికి పోను?"

మాస్టారు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ విభాగంలోనే గడిపారు. తన చేతుల మీదుగా దానికి తాళం పడుతుందని ఆయన మాత్రం కలగన్నారా?

"క్లాసులో ఎంతదాకా వచ్చావు?" అన్నారు.

"మొదటి పాఠమే మాస్టారూ. సత్యం అంటే ఏమిటి. తొమ్మిది రోజులుగా ముందుకి సాగడం లేదు."

"పద. ఇవాళ నేను చెబుతాను."

అరవై మంది పట్టే గదిలో హైమావతి ఒక్కతే లేచి నిలబడింది. మాస్టారు బోర్డు శుభ్రంగా తుడిచారు. సుద్దముక్క తీసుకుని, గుండ్రటి అక్షరాలతో తాపీగా రాశారు.

'కోర్సు మార్చుకోవడానికి ఇవాళే ఆఖరు. సాయంత్రం అయిదు లోపల.'

ఆ పిల్ల రెండుసార్లు చదువుకుంది. మాస్టారిని అడగలేదు. దానియేలు వైపే తిరిగింది.

"నిజమేనా సార్?"

"నిజమేనమ్మా," అన్నాడు దానియేలు. మళ్ళీ అంటే గానీ ఆమెకి వినపడలేదు.

ఆమె తిట్టినా బాగుండేది. సంచీ భుజాన వేసుకుని, మెట్ల మీద పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

మాస్టారు హాజరుపట్టీ తెరిచి, అందులో ఉన్న ఆ ఒక్క పేరూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు.

దానియేలు ఆ పిల్ల కూర్చున్న బెంచీ మీదే కూలబడి ఏడ్చాడు. మాస్టారు ఓదార్చలేదు. కిటికీ రెక్కలు ఒక్కొక్కటే మూసి గడియలు పెట్టారు.

కాసేపటికి దానియేలు కళ్ళు తుడుచుకుని, పదకొండేళ్ళ అలవాటు కొద్దీ డస్టర్ అందుకుని బోర్డు దగ్గరికి నడిచాడు.

"ఉండనీ దానియేలూ," అన్నారు మాస్టారు. "ఈ ఏటికి సిలబస్ అయిపోయింది."