ఎర్రన్న టార్చి

సుబేదార్ కూర్మినాయుడిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తికెత్తుకోవడమేనని ఆ శిక్షణ శిబిరంలో అందరికీ తెలుసు. శిక్షణ ఇచ్చే మిగతా ఉస్తాద్‌లు ఏదైనా అడిగితే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవారు. ఈయన మాత్రం అడిగినవాడి చేతికి పారో, తాడో, నీళ్ల డబ్బానో ఇచ్చి "రా, పోదాం" అనేవాడు. తిరిగొచ్చేసరికి జవాబు దొరికినవాళ్లూ ఉన్నారు, అడిగిన పాపానికి కాళ్లు పిసుక్కుంటూ తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా ఆయన దగ్గర తర్ఫీదైనవాళ్లు ఎక్కడెక్కడికో బదిలీ అయిపోయాక కూడా, మనసులో ఏదైనా గుచ్చుకుంటే సెలవు పాడుచేసుకుని మరీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

హవల్దార్ పైడిరాజు అలాగే వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉస్తాద్ రేకుల వసారాలో కూర్చుని బూట్లకి నూనె రాసుకుంటున్నాడు. ఎదురుగా రాతిగుట్టల మీద ఎండ చిటపటలాడుతోంది. స్టూలు చూపించినా కూర్చోకుండా పైడిరాజు నిలబడే సంగతి చెప్పాడు. వచ్చే వారం అతను కొండ మీద తాను ఇన్నాళ్లూ పనిచేసిన సరిహద్దు చౌకీకే నాయకుడిగా వెళ్తున్నాడు. మొన్నటిదాకా ఆ చౌకీకి పెద్ద ఎర్రన్న. ఎర్రన్నా పైడిరాజూ ఈ ఉస్తాద్ చేతి కిందే ఒక జట్టులో చేరి, ఒక కంచంలో తిన్నవాళ్లు. ఆ ఎర్రన్న కిందటి వానాకాలంలో, మబ్బు పట్టి ఆకాశంలో చుక్క కూడా లేని చీకట్లో కాపలా తిరుగుతూ, అవతలి గట్టు నుంచి వచ్చిన తుపాకీ గుండుకి చనిపోయాడు.

చనిపోయేటప్పుడు అతని కళ్లకి నైట్ విజన్ గాగుల్స్ ఉన్నాయి. చీకటిని పచ్చటి వెలుగుగా మార్చి చూపించే ఆ గాగుల్స్ చౌకీకి కొత్తగా వచ్చాయి. చుక్కల వెలుతురు కూడా లేని చోట వాడుకోమని వాటికి చిన్న టార్చి బిగించి ఇచ్చారు. దాని వెలుతురు మామూలు కంటికి ఆనదు. అవి అందిన రోజున జవాన్లు కొత్తబట్టలు వేసుకున్న పిల్లల్లా మురిసిపోయారు. అవతలివాళ్ల దగ్గర అలాంటివి లేవని ఎవరో అన్నారు, అందరూ హాయిగా నమ్మేశారు.

"అన్నీ కనపడే గాగుల్స్ కళ్లకుండగా, ఒక్క బీడీ కోసం ఎర్రన్న పేనం పోగొట్టుకున్నాడు ఉస్తాద్," అన్నాడు పైడిరాజు. "ఆడి చొక్కా జేబులో బీడీ దొరికింది. కాపలాలో ముట్టించుంటాడు, ఆ నిప్పు చూసి అవతలోడు కొట్టేశాడు. ఇప్పుడు నా చేతి కిందకి కుర్రోళ్లు వస్తన్నారు. ఆళ్ల చేత బీడీలు మాన్పించేస్తే సాలా? ఇంకేటి సెప్పమంటారు?"

ఉస్తాద్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఈ బీడీ మాట ఆడి ఇంటోళ్లకి ఎవురైనా సెప్పారేటి?"

పైడిరాజు తల దించుకున్నాడు. చెప్పింది తనే. ఎర్రన్న పెట్టె సర్దిందీ, దాన్ని మోసుకెళ్లి వాళ్ల ఊళ్లో అప్పగించిందీ తనే. ఎర్రన్న భార్య నరసమ్మ గుమ్మంలో కూలబడి, ఎలా జరిగిందో చెప్పమని చెయ్యి పట్టుకుని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని చౌకీలో అందరూ అనుకుంటున్న మాటే చెప్పేశాడు. ఆ మాట వినగానే ఆవిడ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పక్కనే ఆడుకుంటున్న కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, ఆ పసిదాని నెత్తి మీద చెయ్యి కప్పి పట్టుకుంది. ఎందుకో అతనికి అర్థం కాలేదు. బస్సెక్కించడానికి వచ్చిన ఎర్రన్న తమ్ముడు దారిలో చెప్పాడు. ఆఖరిసారి సెలవుకి వచ్చినప్పుడు ఎర్రన్న ఆ పాప నెత్తి మీద చెయ్యేసి, ఇక జన్మలో బీడీ ముట్టించనని ఒట్టు పెట్టాడట. బిడ్డ మీద పెట్టిన ఒట్టు తప్పితే అది ఎవరికి తగులుతుందో ఆ ఇంట్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. అప్పట్నుంచీ పాప తుమ్మినా నరసమ్మ గుండె జారిపోతోందని ఆ తమ్ముడే తర్వాత ఫోనులో చెప్పాడు. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, పరుగున వెళ్లి మెడలో ఇంకో తాయెత్తు కట్టిస్తోందట. పోయిన మొగుడి కోసం ఏడవడం ఎప్పుడో మానేసి, పూట పూటా వాణ్ణి తిట్టిపోస్తోందట.

ఇదంతా పైడిరాజు నీళ్లు నములుతూ చెప్పుకొచ్చాడు. వింటున్నంతసేపూ ఉస్తాద్ గుట్టలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎర్రన్నంటే ఆయనకి ప్రాణం. తన దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో చెప్పింది చెప్పినట్టు చేసేవాడు వాడొక్కడేనని పదిమందిలోనూ అనేవాడు. అలాంటివాడి గురించి ఈ మాట వినాల్సి రావడం ఆయనకెంత కష్టంగా ఉందో మొహంలోనే తెలిసిపోయింది. కానీ పైడిరాజు మీద విసుక్కోలేదు. బూట్లు తొడుక్కుని, స్టోరులోంచి ఒక జత గాగుల్స్ తీయించి అతని చేతికిచ్చి, ఎప్పట్లాగే "రా, పోదాం" అన్నాడు.

శిబిరం చివర పాతకాలపు ధాన్యం గిడ్డంగి ఒకటి ఉంది. చీకట్లో మసలడం పగలే నేర్పించడానికి దాని కిటికీలన్నీ గోనెపట్టాలతో మూసేశారు. తలుపు వేస్తే లోపల కళ్లు పొడుచుకున్నా కనపడదు. ఇసుక బస్తాలతో అడ్డగోడలు కట్టి, మధ్యమధ్య తుపాకీ గొట్టం పట్టేటంత సందులు వదిలారు. "నాను లోపలుంటాను. నువ్వొచ్చి నన్ను ఎతుక్కో," అని చెప్పి ఉస్తాద్ ఒక చేతిసంచీ పట్టుకుని ముందు లోపలికి వెళ్లిపోయాడు.

ముసలాయనతో దాగుడుమూతలా అని పైడిరాజు లోలోపల నవ్వుకున్నాడు. గాగుల్స్ పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపు మూశాడు. చుక్కల వెలుతురైనా చొరబడని చోటు కాబట్టి గాగుల్స్‌లో కూడా ఏమీ ఆనలేదు. టార్చి మీట నొక్కాడు. గిడ్డంగి అంతా పచ్చగా తేటపడింది. బస్తాల కుట్లు కూడా కనపడుతున్నాయి. ధీమాగా నాలుగడుగులు వేశాడో లేదో, ఒక మట్టిబెడ్డ వచ్చి సరిగ్గా రొమ్ము మధ్యన తగిలింది. అటు తిరిగాడు. ఆ గాగుల్స్‌లోంచి చూడటం గొట్టంలోంచి చూడటం లాంటిదే, ఎదురుగా ఉన్నది తప్ప పక్కది అందదు. మెడ తిప్పి తిప్పి వెతుకుతుండగా రెండో బెడ్డ చెవి పక్కన తగిలింది. తలుపు సందులోంచి వెలుతురు వస్తోందేమోనని అనుమానమొచ్చి, వెనక్కి వెళ్లి జేబురుమాలు తీసి సందులో కుక్కబోయాడు. ఈసారి బెడ్డ ఆ రుమాలు పట్టుకున్న చేతికే తగిలింది.

అంత పెద్ద హవల్దార్‌కీ ఒళ్లు మండింది. "ఇది నాయం కాదు ఉస్తాద్! మీరెక్కడో దీపం ఎలిగించి పెట్టుకున్నారు."

"నాను ఏ దీపమూ ఎలిగించనేదు నాయినా," అంది చీకట్లోంచి గొంతు. "నీదే వాడుకుంటన్నాను."

 ఉస్తాద్ బస్తాల చాటు నుంచి లేచి వచ్చి, తన కళ్లకున్న గాగుల్స్ విప్పి అతని చేతికిచ్చాడు. అడవిపందుల వేటకి వాడే చవకరకం సరుకు అది. బజారులో అడిగినవాడికల్లా అమ్ముతారు. ఆయన దానికున్న టార్చిని ఏనాడో ఊడబీకి పారేశాడు. "ఇది పెట్టుకుని నా సోట్లో కూకో," అని పైడిరాజుని బస్తాల వెనక్కి పంపి, అతని గాగుల్స్ తాను తగిలించుకుని తలుపు దగ్గరికి వెళ్లాడు.

సందులోంచి చూసిన పైడిరాజుకి మొదట నల్లటి చీకటి తప్ప ఏమీ కనపడలేదు. అంతలో ఉస్తాద్ టార్చి మీట నొక్కాడు. పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్సు లైటు నెత్తిన పెట్టుకున్న మనిషిలా, ఆయన నిలువెల్లా వెలిగిపోతూ నడిచి వస్తున్నాడు. ఎటు తల తిప్పితే అటు గోడలు వెలుగుతున్నాయి. పైడిరాజు గాగుల్స్‌ని కళ్ల మీంచి పక్కకి తీసి చూశాడు. చిమ్మచీకటి. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ అదే దీపం, తాపీగా తనవైపే వస్తోంది. గురి చూడాల్సిన పని కూడా లేదు. అతని చేతిలో మట్టిబెడ్డ ఉంది గానీ విసరడానికి చెయ్యి రాలేదు.

వస్తున్నది ఉస్తాదని తెలుసు. అయినా అతనికి ఎర్రన్న వస్తున్నట్టే ఉంది. ఆ రోజు తెల్లారాక ఎర్రన్న గాగుల్స్ తన చేతికే ఇచ్చారు. అద్దం చెక్కుచెదరలేదు. టార్చి మీట వేసే ఉంది, బ్యాటరీ అయిపోయి ఆరిపోయింది. వాడు ఆఖరిదాకా డ్యూటీ సరిగ్గానే చేశాడని సంతోషించి, ఆ మీటని కట్టేసింది కూడా తనే. క్లాసులో ఎప్పుడో ఎవరో చెప్పినట్టే గుర్తు, ఈ వెలుతురు గాగుల్స్ ఉన్న ప్రతివాడికీ కనపడుతుందని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. అవతలివాళ్ల దగ్గర గాగుల్స్ లేవనుకున్నాక ఇక ఆ సంగతి ఎవరికి కావాలి? చౌకీలో అందరూ పోటీలు పడి ఆ టార్చి వేసుకుని తిరిగేవాళ్లే. ఆ చీకట్లో ఎర్రన్న వంతు వచ్చిందంతే.

బయటికి వచ్చాక ఎండకి ఇద్దరూ కళ్లు చిట్లించుకుని గోడ నీడన నిలబడ్డారు. ఉస్తాద్ నెమ్మదిగా అడిగాడు. "ఎర్రన్న పెట్టె సర్దింది నువ్వే గదా. అందులో అగ్గిపెట్టె ఉందేటి?"

పైడిరాజు ఆలోచించాడు. గడ్డం గీసుకునే సామాను, పాప ఫోటో, ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్లు. జేబులూ తనే వెతికాడు. "నేదు ఉస్తాద్. అగ్గిపెట్టె గానీ లైటర్ గానీ నేవు."

"మరి బీడీ?"

"నిండు బీడీయే..." అంటూ తన వేళ్లకేసి చూసుకున్నాడు. "కాల్చింది కాదు. సివర నమిలేసుంది."

ఎర్రన్న ఒట్టు తప్పలేదు. నోరు పీకినప్పుడల్లా ముట్టించని బీడీని పళ్ల మధ్య పెట్టుకుని నములుతూ, బిడ్డ నెత్తి మీద చెప్పిన మాట నిలబెట్టుకుంటూనే పోయాడు. అది తెలిసే వీలు పెట్టె సర్దినవాడికే ఉంది. నమిలిన బీడీని అతను చేత్తో పట్టుకుని చూశాడు, చూసి పక్కన పారేశాడు. ఇప్పుడు గోడకి చేరబడి, చేతుల్లో మొహం దాచుకుని ఆ హవల్దార్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉస్తాద్ ఆపలేదు. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

కాసేపటికి పైడిరాజు మొహం తుడుచుకున్నాడు. "సౌకీకెళ్లేముందే నరసమ్మొదిన దగ్గరికి ఎల్తాను. కాళ్ల మీద పడి సెప్తాను," అన్నాడు. "కంటికి ఆనని దీపం ఉంటాదంటే ఆవిడ నమ్ముద్దో నమ్మదో. ఇన్నాళ్లూ ఆ పిల్లని సూసుకుని పడ్డ బయం ఎక్కడికి పోద్ది..."  నిలదొక్కుకోవడానికి ఏదో ఒక ఆసరా వెతుక్కుంటూ మళ్లీ తనే అన్నాడు, "కారుసీకట్లో జరిగిందాయె ఉస్తాద్. నాకేటి కనపడ్డాదని?"

కూర్మినాయుడు వంగి, గాగుల్స్‌కి అంటిన దుమ్ము తుడిచి, వాటిని జాగ్రత్తగా సంచీలో పెట్టాడు.

"ఆడు పోయింది సీకట్లోనే," అన్నాడు. "ఆ బీడీ మాట నువ్వన్నది పట్టపగలు గదరా."