నాలుగుసార్లు తొక్కిన మడి

అనగనగా ఒక రాజ్యం. అక్కడి రాజుగారు రోజూ కమ్మగా పప్పన్నం తినేవారు గాని, అందులోని ఉప్పు ఎవరి కాళ్ళు పగిలితే వచ్చిందో ఒక్కనాడూ అడగలేదు. సరే, ఆయన్ని వదిలేద్దాం. మన కథ ఆ కాళ్ళది.

రాజ్యం చివర ఉప్పుటేటి ఒడ్డున అసిరమ్మ ఉండేది. నలభై ఏళ్ళు పరాయివాళ్ళ మడుల్లో ఉప్పు గీకింది. మొగుడు వేటకని సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలంటారా, లేరు. ఆవిడకు మిగిలింది ఒక్కటే కోరిక. చచ్చిపోయేలోగా సొంత మడిలో, సొంత చేతులతో, తెల్లటి ఉప్పు ఒక్క రాశి పొయ్యాలి. నవ్వకండర్రా! మనకది చిన్న కోరిక, ఆవిడకు ప్రాణం.

ఒక ఏడు, ఆ మడులన్నిటికీ యజమాని అయిన దొర దయతలచి, ఎవరూ వద్దన్న మూల మడి ఇచ్చాడు. అడుగంతా ఇసుక.

"అసిరమ్మా, మృగశిర కార్తె వచ్చేలోగా తెల్లటి రాశి చూపించు. చూపిస్తే మడి నీదే. లేదంటే, తిరిగి నాకు వచ్చేస్తుంది. మళ్ళీ అడగకు," అన్నాడు.

ఉప్పు ఎలా పండుతుందో తెలుసా మీకు? ముందు మడిలో బంకమన్ను పరిచి, తడిపి, కాళ్ళతో తొక్కాలి. అరచేతంత చోటు కూడా వదలకూడదు. తరువాత ఏటి నీరు పెడితే, పది పన్నెండు రోజుల ఎండకు అడుగున ఉప్పు పేరుతుంది. నేల మెత్తగా ఉందా, నీళ్ళన్నీ తాగేస్తుంది. పేరిన కాస్త ఉప్పూ మట్టి కలిసి వస్తుంది. అయినా అక్కడందరూ ఏడాదికి ఒక్కసారే తొక్కేవారు. పగిలిన కాళ్ళకు ఆ ఉప్పునీటి నొప్పి అలాంటిది.

మాఘమాసంలో అసిరమ్మ మడి తొక్కి నీరు పెట్టింది. ఉప్పు పేరింది. తెల్లవారి గీకుదామని వెళ్ళేసరికి వాన! కాలం కాని కాలంలో జాముసేపు కురిసి చక్కా పోయింది. మడిలో నీళ్ళున్నాయి, ఉప్పు లేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడ్చి లేచి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

పక్క మడి బోడెయ్య అరిచాడు. "అప్పా, మళ్ళీ తొక్కుడెందుకే? నీరు పెట్టేసుకో, చాలు!"

"నేల మెత్తబడింది తమ్ముడూ," అంది అసిరమ్మ.

ఫాల్గుణంలో రెండోసారి ఉప్పు పేరింది. ఈసారి వాన రాలేదు. రాశి పోసింది. కాని అది తెలుపెక్కడిది? బురద రంగు. అటుగా వచ్చిన ఉప్పు బేరగాడు సెట్టి చిటికెడు నోట్లో వేసుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇది ఉప్పా, ఇటుకల పొడా? గొడ్లు కూడా నాకవు. దొర చూస్తే మడి ఇవాళే లాక్కుంటాడు."

ఆ ముక్క నిజమే. అసిరమ్మ తట్ట తరువాత తట్టగా ఆ రాశినంతా తన చేతులతోనే ఏట్లో పారబోసింది. తన చేతులతోనే, అర్థమైందా? ఆ రోజు గంజి కూడా తాగలేదు. మర్నాడు మళ్ళీ మడిలో దిగింది.

వైశాఖంలో మూడోసారి. ఈసారి ఉప్పు తెల్లగా వచ్చింది! రాశి మోకాలి ఎత్తు లేచింది. దొరకు కబురు పంపింది. దొర రాకముందే గాలి వచ్చింది. పోటు మీదున్న సముద్రం ఏటిని వెనక్కి తోసింది. గట్టు తెగింది. కళ్ళముందే రాశి మొత్తం కరిగి కొట్టుకుపోయింది.

అసిరమ్మ బురదలో పడి గుండెలు బాదుకుంది.

"గంగమ్మా! నా మొగుణ్ణి తీసుకున్నావు, ఊరుకున్నాను. ఒక్క రాశి ఉప్పు నీకెందుకే తల్లీ? నీ ఒళ్ళంతా ఉప్పేగా!"

 

మృగశిరకు ఇంక పదమూడు రోజులే ఉన్నాయి. బోడెయ్య మంచివాడు. వచ్చి తెగిన గట్టు కట్టిపెట్టి, పక్కన కూర్చున్నాడు.

"వదిలెయ్యి అప్పా. నీ నుదుట రాయలేదు. రేపట్నుంచి నా మడిలో కూలికి రా, గంజికి లోటుండదు."

"వస్తాన్రా," అంది. పాపం, నిజంగానే అంది.

తెల్లవారింది. అసిరమ్మ బోడెయ్య మడి దాటి తన మడిలోకే వెళ్ళింది. ఆశ ఉండి వెళ్ళిందనుకునేరు, లేదు. ఆ రోజు ఆవిడలో ఆవగింజంత ఆశ కూడా లేదు. ఇంట్లో ఉంటే ఏడుపు ఆగడం లేదు. తొక్కుతుంటే మడమల పగుళ్ళలోకి ఉప్పునీరు దిగి, ఆ మంటకు ఏడుపు కాస్త మరుపున పడుతోంది. అందుకే తొక్కింది. మూడు రోజులు తొక్కి, నీరు పెట్టి, గట్టు మీద పడుకుంది. మడి వైపు తిరిగైనా చూడలేదు.

రోహిణి ఎండలు మండిపోతున్నాయి. నీరు పెట్టిన ఎనిమిదో పొద్దునే బోడెయ్య కేక పెట్టాడు.

"అప్పా! లే అప్పా! మల్లెపూలు ఆరబోసినట్టుందే!"

నాలుగుసార్లు తొక్కిన నేల బండలా గట్టిపడింది. చుక్క నీరు తాగలేదు, పిసరంత మట్టి వదల్లేదు. ఉన్న నీరంతా ఉప్పయింది. బోడెయ్య మడిలో సగం నీరు నేలే తాగేసింది, మిగిలింది బురదనీరే.

అసిరమ్మ లేచి గీకింది. రాశి నడుమెత్తు లేచింది. దొర వచ్చాడు, గుప్పెడు తీసి చూశాడు, "మడి నీదే," అని వెళ్ళిపోయాడు. వెనకే సెట్టి బళ్ళు తోలుకొచ్చాడు.

"ఎత్తించమంటావా అసిరమ్మా?"

"ఇవాళ వద్దు బాబూ, రేపు రండి," అంది అసిరమ్మ. "ఇవాళ నేను చూసుకోవాలి."

పొద్దు వాలేదాకా ఆ రాశి పక్కనే కూర్చుంది. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి. పోయిన మనిషి రాలేదు, పోయిన ఉప్పూ రాలేదు. అయినా నలభై ఏళ్ళలో ఆ ఒక్క రోజు ఆవిడ కడుపు నిండింది.

కాబట్టి వినండి పిల్లలూ! పండిన పంట కళ్ళముందే కరిగిపోవచ్చు గాని, దానికోసం పడిన కష్టం మాత్రం కాళ్ళ కింద నేలై గట్టిపడుతూనే ఉంటుంది.