నూకరత్నం తీసిన బోల్టు

అనగనగా, రాజులు పోయి ఇంజన్లు వచ్చిన కాలంలో, ఒక ఏటిగట్టు ఊళ్లో నూకరత్నం అనే ఇల్లాలు ఉండేది. తమలపాకు తోట ఆమె చేతుల మీదే పెరిగింది. తోటకు నీళ్లు తోడే ఆయిలింజను మాత్రం మగవాళ్లది.

ఆ ఇంట్లో ఒక ఆచారం. దసరాకి ఇంజను జిడ్డు తోమేది ఆడవాళ్లు. బొట్టు పెట్టి హేండిలు తిప్పేది మగవాళ్లు. ఆడది తిప్పితే ఇంజను అలుగుతుందట!

ఒక ఎండాకాలం ఆమె మొగుడు సింహాచలం, ఇంజన్ని చల్లబరిచే నీళ్ల గొట్టాన్ని ఇంజను పైభాగమైన హెడ్డుకి బిగిస్తున్నాడు.

"ఇంకొక్క చుట్టు" అన్నాడు. టప్పున బోల్టు విరిగింది. సగం ముక్క, కొస కాస్త బయటికి కనిపిస్తూ, హెడ్డులో ఇరుక్కుపోయింది. గొట్టం లేనిదే ఇంజను నడవదు. రేపటికి నీళ్లు పారకపోతే తోట మాడిపోతుంది.

హెడ్డు విప్పి ఇంటికి మోసుకొచ్చారు.

"నన్ను చూడనివ్వండి" అంది నూకరత్నం.

"నువ్వు పులుసు సంగతి చూడు" అన్నాడు సింహాచలం. పటకారు పట్టి లాగాడు. పటకారు జారింది, వేలు చితికింది.

మరిది గవరయ్య సుత్తితో బాదాడు. ముక్క వంగింది గానీ కదల్లేదు.

మామగారు నిమ్మకాయ కోసి దిష్టి తీశారు. బోల్టు రాలేదు, ఈగలొచ్చాయి.

అలసిపోయిన ముగ్గురూ పులుసన్నం తిని గుర్రుపెట్టారు.

నూకరత్నం హెడ్డు ముందు కూర్చుంది. "గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే నేనేం చేస్తాను? బయటిదాన్ని వేడినీళ్లలో పెడతాను, లోపలిదాంట్లో చన్నీళ్లు పోస్తాను. ఇదీ అంతేగా!"

హెడ్డుని పొయ్యిమీద కాల్చింది. ముక్కకి తడిగుడ్డ అద్దింది. చుర్రుమంది. కొవ్వొత్తి రాసింది. మైనం కరిగి బోల్టు మరల్లోకి దిగింది. పటకారుతో కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పింది. బలవంతం చెయ్యలేదు. ముక్క మెల్లగా బయటికొచ్చింది.

ముగ్గురూ లేచి చూశారు.

"నేను లాగినప్పుడే వదులైంది" అన్నాడు సింహాచలం.

"నా సుత్తిదెబ్బ, వదినా!" అన్నాడు గవరయ్య.

"అంతా నిమ్మకాయ మహిమ" అన్నారు మామగారు.

నూకరత్నం పకపకా నవ్వింది. "అలాగే. ముక్క మళ్లీ బిగించేస్తాను. మీ ముగ్గురిలో ఒకరు తియ్యండి."

మామగారు కండువా భుజాన వేసుకున్నారు. "వద్దులే అమ్మా. పద, తోటకి నీళ్లు పెట్టాలి."

గట్టుమీద హెడ్డు ఎక్కించి, కొత్త బోల్టుతో గొట్టం బిగించి హేండిలు తిప్పింది నూకరత్నం. ఇంజను అలగలేదు. డుగుడుగుమని పాడింది. నీళ్లు తోటలోకి ఉరికాయి.

ఆ దసరాకి బొట్టు పెట్టిందీ ఆమే. జిడ్డు తోమింది మాత్రం సింహాచలం.

కాబట్టి పిల్లలూ, పనికి కావలసింది మీసం కాదు, మెలకువ.